జేజికి అర్థం కాకపోవడమే మేలైంది

మార్చిలో ఒక ఆదివారం సాయంత్రం ధర్మవరం నుంచి మా అత్తమ్మ ఫోన్ చేసింది. ఎప్పట్లాగే మా పాప హాసిని పరుగెత్తుకుంటూ వచ్చి ఫోన్ లాక్కుంది. "జేజీ, మీరు ఎలా ఉన్నారు? ఈ రోజు మీరు ఏమి చేయాలనుకుంటున్నారు?" అంది. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఫోన్ నాకిమ్మని, అత్తమ్మ గొంతు తగ్గించి అడిగింది. "ఏమమ్మా, పాపకు నా మీద ఏమన్నా కోపమొచ్చిందా? మీరు గీరు అంటాంది."

మా వైపు జేజిని, అంటే నానమ్మను, ఎవరూ మీరు అనరు. నువ్వు అంటేనే సొంతం. మీరు అన్నారంటే మనిషిని దూరం పెట్టినట్టు. ఆరేళ్ల పిల్లకు ఆ మాట ఎక్కడ అంటిందో నాకు వెంటనే అర్థమైంది. మూడు నెలలుగా రోజూ సాయంత్రం తను మాట్లాడుతున్నది నా ఫోన్‌లోని చాట్‌బాట్‌తో, అడిగినదానికి మనిషిలా జవాబు చెప్పే యాప్‌తో. ఇంగ్లిష్ కోసమని పెట్టాను. తనే మెల్లగా దాన్ని తెలుగులోకి దింపింది. అది పాపతో "మీకు ఏ కథ చెప్పమంటారు?" అంటుంది. పాప అదే పట్టుకుంది.

అత్తమ్మకు ఏదో సర్ది చెప్పాను గానీ ఆ రాత్రి చాలాసేపు అదే ఆలోచన. పిల్లకు భాష వస్తోందని సంతోషపడుతున్నాను. ఆ వచ్చేది ఎవరి భాష?

మేం బెంగళూరులో మారతహళ్లి దగ్గర ఉంటాం. నేను పేరోల్ పని చేస్తాను, నెలాఖరు వారం రోజులు తల ఎత్తే తీరిక ఉండదు. మా ఆయనది షిఫ్టుల ఉద్యోగం. డిసెంబరులో స్కూల్లో పేరెంట్స్ మీటింగ్‌కు వెళ్తే, పాప క్లాసులో నోరు విప్పడం లేదనీ, ఇంట్లో తెలుగు ఆపేసి ఇంగ్లిషే మాట్లాడమనీ టీచర్ చెప్పారు. ఆ మాటకు నాకు ఎంత టెన్షన్ పట్టుకుందంటే, ఆటోలో ఇంటికొచ్చేలోపే పిల్లలతో మాట్లాడే యాప్‌లు వెతకడం మొదలుపెట్టాను. ఆరున్నర నుంచి ఏడున్నర దాకా, నేను వంటింట్లో ఉండే గంట, పాప హాల్లో కూర్చుని ఫోన్‌తో మాట్లాడేది.

మేలు జరగలేదని అనను. నెల తిరిగేసరికి ఇంగ్లిష్‌లో "వై" అని పూర్తి వాక్యంలో అడగడం వచ్చింది. తప్పు మాట్లాడితే ఎవరైనా నవ్వుతారన్న భయం పోయింది. ఫోన్ విసుక్కోదు, పదిసార్లు అడిగినా పదకొండోసారి చెబుతుంది. సిగ్గుపడే పిల్లకు అది చాలా పెద్ద ఊరట. టీచర్ కూడా పాప చెయ్యెత్తుతోందని మెచ్చుకున్నారు.

కానీ జేజి ఫోన్ తర్వాత ఒక పని చేశాను. ఆ మాటలన్నీ చాట్‌బాట్‌లో అక్షరాలుగా నిలిచి ఉంటాయి కదా, ఒక్క సాయంత్రం మాటలు మొదటి నుంచి చివరిదాకా చదివాను. అది ఏనుగుల గురించి ఎనిమిది లైన్లు చెప్పింది. పాప "ఓకే" అంది. తొండం గురించి ఆరు లైన్లు. "నెక్స్ట్." అడవి గురించి ఇంకో పది. "యా." నలభై నిమిషాల్లో మా పాప చెప్పిన అతి పెద్ద వాక్యంలో నాలుగు మాటలున్నాయి. వంటింట్లోంచి వింటుంటే హాల్లో గలగలా మాటలు వినబడేవి. ఆ మాటలు ఎవరివో నేను లెక్క చూసుకోలేదు.

అప్పటినుంచి దొరికినంత చదివాను. అమెరికాలో ఎంఐటీ విశ్వవిద్యాలయానికి చెందిన రేచల్ రోమియో, ఆమె తోటివాళ్లు 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. 4 నుంచి 6 ఏళ్ల పిల్లలు 36 మంది. ఇంట్లో జరిగే మాటలన్నీ చిన్న రికార్డర్‌తో రికార్డు చేసి, కథ వింటున్నప్పుడు ఆ పిల్లల మెదడు ఎలా పనిచేస్తోందో స్కాన్ చేసి చూశారు. పిల్లల చెవిన ఎన్ని మాటలు పడ్డాయన్నదాని కంటే, పెద్దవాళ్లతో ఎన్నిసార్లు మాటకు మాట నడిచిందన్నదానికే భాషకు సంబంధించిన మెదడు భాగం చురుకుదనంతో గట్టి లంకె కనిపించింది. నువ్వొకటి, నేనొకటి, మళ్లీ నువ్వొకటి, అంతే. మా హాల్లో జరిగింది అది కాదు.

మాట్లాడే యంత్రాల మీదే పరిశోధన చేసిన యింగ్ షూ అనే ఆమె పని కూడా చదివాను. 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు కథ చెబుతూ మధ్యమధ్య ప్రశ్నలడిగేలా యంత్రాన్ని తయారు చేస్తే, కథ అర్థం చేసుకోవడంలో ఆ పిల్లలు మనిషి దగ్గర విన్న పిల్లలకు తీసిపోలేదు. నాకు ధైర్యం వచ్చింది. అయితే మనిషి పక్కనున్నప్పుడు పిల్లలు ఎక్కువ మాట్లాడారు, సొంత కబుర్లు కలిపి చెప్పారు. ఈ రెండో సంగతే నాకు ముఖ్యంగా తోచింది. వినడానికి యంత్రం పనికొస్తుంది. నోరు తెరిపించడానికి మనిషి కావాలి.

అందుకని చాట్‌బాట్‌ను తీసెయ్యలేదు, చోటు మార్చాను. ఇప్పుడది పాప చేతిలో ఉండదు, నా చేతిలో ఉంటుంది. చాట్‌జీపీటీ 13 ఏళ్లలోపు పిల్లలకు కాదని వాళ్ల నిబంధనల్లోనే ఉంది. అసలు అంత చిన్న పిల్లను దానితో ఒంటరిగా వదిలిపెట్టడమే నాది పొరపాటు. పాప పేరు, బడి పేరు, ఫొటోలు అందులో ఎప్పుడూ పెట్టను.

మధ్యాహ్నం భోజనం అయ్యాక ఐదు నిమిషాలు దానితో నేనే మాట్లాడతాను. ఇలా అడుగుతాను: "ఆరేళ్ల పాపకు ఈ కథ చదివి వినిపిస్తాను. మధ్యలో ఆగి అడగడానికి ఐదు ప్రశ్నలు ఇవ్వు. అవును, కాదు అని తేల్చేసే ప్రశ్నలు వద్దు. నువ్వు అని పిలుస్తూ రాయి. ఒక ప్రశ్న పాప సొంత ఇంటి గురించి ఉండాలి." వచ్చినవాటిలో రెండు బాగుంటాయి, మూడు తీసేస్తాను. ఆ రెండు చాలు. పగలంతా లెక్కలు చూసి అలిసిపోయిన బుర్రకు రాత్రి తొమ్మిదింటికి "కథ బాగుందా?" అన్న ప్రశ్న తప్ప ఇంకోటి తట్టదు. ఆ లోటు అది తీరుస్తుంది.

కథల కోసం స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్ వాడుతున్నాం. మన బెంగళూరు సంస్థ ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టింది, తెలుగు కథలు కూడా ఉచితంగా దొరుకుతాయి, ప్రింటు తీసుకోవచ్చు. వీధి చివర జిరాక్స్ షాపులో తీయించి దారంతో కుట్టి ఇస్తాను. కాగితమైతే వేలుపెట్టి చూపిస్తూ మాట్లాడుకుంటాం. స్క్రీన్ అయితే పాప చెయ్యి ముందుకు జరపడానికే పోతుంది.

బొమ్మల పుస్తకం చదివేటప్పుడు పిల్లను కథ చెప్పేదిగా చేసి, పెద్దవాళ్లు అడిగేవాళ్లుగా మారడం అనే పద్ధతిని 1988లో గ్రోవర్ వైట్‌హర్స్ట్ అనే అమెరికన్ సైకాలజిస్టు, ఆయన బృందం పరీక్షించి చూపించారు. ఒక్క నెల ఇంట్లో అలా చదివిన పిల్లలు, మామూలుగా చదివి వినిపించిన పిల్లల కంటే మాట్లాడటంలో స్పష్టంగా ముందున్నారు. పద్ధతి ఏమంత కష్టం కాదు. అడగాలి, చెప్పింది పట్టుకుని ఇంకో రెండు మాటలు కలపాలి, మళ్లీ పిల్లచేత అనిపించాలి. మా ఇంట్లో ఇలా నడుస్తుంది:

"కుక్క ఏం చేసింది?"

"రన్ అయిపోయింది."

"ఉరికిపోయిందా? ఎక్కడికి ఉరికింది?"

"చెట్టు దగ్గరికి ఉరికింది. పిల్లికి భయం వేసి పైకి... పైకి క్లైంబ్..."

ఇక్కడ నేను నోరు మూసుకుంటాను. ఇది నాకు చాలా కష్టమైన భాగం. మాట అందించాలని నాలుక చివరిదాకా వస్తుంది. ఐదు లెక్కపెడతాను.

"పైకి ఎక్కిపోయింది!"

ఆ ఐదు సెకన్ల మౌనం చాట్‌బాట్‌కు రాదు. వాయిస్‌లో అయితే పాప కాస్త ఆగేసరికి మాట అయిపోయిందనుకుని అది మొదలుపెడుతుంది. పిల్లలకు మాట వెతుక్కోవడానికి కాస్త వ్యవధి కావాలి.

ఇంకో సంగతి. మా పాపకు బళ్లో ఇంగ్లిష్, కన్నడం. కర్ణాటకలో 2015 నాటి చట్టం ప్రకారం బళ్లలో కన్నడం నేర్పాల్సిందే, అది మంచిదే, ఉంటున్న ఊరి భాష రావాలి. కన్నడ అక్షరాలు వచ్చాక తెలుగు అక్షరాలు సగం వచ్చేసినట్టే అయింది. గ, ర, ల, మ చూడగానే చదివేసింది. కానీ తెలుగు నేర్పే చోటు ఇల్లు ఒక్కటే. ఇంట్లో మానేస్తే ఇక ఎక్కడా లేదు. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైనచోటల్లా కనీసం ఐదో తరగతిదాకా ఇంటి భాషలోనో, ఆ ప్రాంత భాషలోనో చదువు సాగాలని చెబుతోంది. ఇంటి భాష ఆపేయమన్న సలహా విన్న ఆ మూడు నెలలకు నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

తెలుగులో తగ్గిందేమిటో బయటపడింది మనం, మేము దగ్గర. ఏప్రిల్‌లో పై అంతస్తు అమ్మాయితో ఆడుకుంటూ మా పాప "సమ్మర్ హాలిడేస్‌లో మనం ధర్మవరం పోతాం" అంది. వాళ్లు నెల్లూరు వాళ్లు. ఆ చిన్నపిల్ల ఇంటికెళ్లి, బట్టలు సర్దమని వాళ్లమ్మ దగ్గర ఒకటే మారాం. ఆమె పాపం మొహమాటపడుతూ వచ్చి, "అక్కా, మీరు మా పాపను కూడా తీసుకెళ్తానన్నారంట?" అని అడిగింది. కన్నడంలో రెంటికీ కలిపి "నావు" ఒక్కటే. ఇంగ్లిష్‌లోనూ "వీ" ఒక్కటే. తెలుగులో మనం అంటే ఎదుటి మనిషి కూడా ఉన్నట్టు, మేము అంటే లేనట్టు. ఆ ఒక్క మాటలో పిలుపు ఉంది. చాట్‌బాట్‌ను అడిగితే తేడా తప్పులేకుండా వివరించింది, చదివి నాకూ నచ్చింది. పాపకు మాత్రం ఎక్కలేదు. అన్నం తినేటప్పుడు ఆటగా ఎక్కింది. పాపా నేనూ ఒక జట్టు, నాన్న, తమ్ముడు ఒక జట్టు. "మేము పెరుగు వేసుకున్నాం, మీరు వేసుకోలేదు" అని తను తమ్ముణ్ణి ఉడికించాలి. చివర్లో "మనం అందరం తిన్నాం" అనాలి. రెండు వారాల్లో సరిపోయింది.

చాట్‌బాట్ తెలుగు ఎందుకంత పుస్తకంలా ఉంటుందంటే, అది రాతలోంచి నేర్చుకున్న తెలుగు. ధర్మవరంలో అరుగు మీద మాట్లాడే మాట ఆ రాతల్లో ఎంత ఉంటుంది? ఎర్రగడ్డలతో పచ్చడి అని మా పాప చెబితే, అది బీట్‌రూట్ అనుకుని సలహాలిచ్చింది. మాకు ఎర్రగడ్డ అంటే ఉల్లిపాయ. బొరుగులు, బుడ్డలు, మటిక్కాయలు అంటూ జేజి వంటింట్లో మోగే మాటలు దానికి కొత్త. చెన్నైలో ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ అనే పరిశోధన బృందం వాళ్లు, యంత్రాలకు మన భాషలు నేర్పడానికి 22 భారతీయ భాషల్లో జిల్లా జిల్లా తిరిగి మామూలు మనుషుల మాటలు సేకరించే పని చేస్తున్నారు. మా ఊరి గొంతు కూడా అందులో చేరాలని మనస్ఫూర్తిగా కోరుకుంటాను. అది జరిగేలోపు ఆ మాటలు నేర్పాల్సింది మేమే.

ఇక నేను ఇదంతా రాయడానికి అసలు కారణం మా మామయ్య. ఆయన యాభై ఏళ్లు మగ్గం మీద కూర్చున్న మనిషి, ధర్మవరం పట్టుచీరలు నేసినాయన. ఫోన్‌లో మనవరాలితో ఆయన మాటలు రెండే. "తిన్నావా?" "బడికి పోయినావా?" ఆ తర్వాత "జేజికి ఇస్తా" అని ఫోన్ ఇచ్చేస్తాడు. ప్రేమ లేక కాదు, ఏం మాట్లాడాలో తెలియక. పాపకూ తెలియదు.

మే నెలలో ఒకరోజు చాట్‌బాట్‌ను అడిగాను, చేనేత పనిచేసే తాతను ఆరేళ్ల మనవరాలు అడగదగ్గ ప్రశ్నలు చెప్పమని. పడుగు అంటే నిలువు దారాలు, పేక అంటే అడ్డంగా వచ్చే దారాలు అని చెప్పి, కొన్ని ప్రశ్నలిచ్చింది. పాప వాటిలో ఒకటి నోట్సులో రాసుకుంది. ఆదివారం జేజినాయన "తిన్నావా" అనగానే, తిన్నానని చెప్పి, "జేజినాయనా, నేసేటప్పుడు పోగు తెగితే ఏం చేస్తావు?" అని అడిగింది.

ఆయన ఒక్క క్షణం ఆగాడు. "ఉండు" అన్నాడు. లేచి నడుస్తున్న చప్పుడు వినిపించింది. వీడియో పెట్టమని ఎవరినో పిలిచాడు. గుంట మగ్గం దగ్గర కూర్చుని, తెగిన పోగును వెనక్కి వెతికి, రెండు కొసలు వేళ్లతో మెలిపెట్టి ముడి వేయడం చూపించాడు. కెమెరా మరీ దగ్గర పెట్టడంతో స్క్రీన్ నిండా ఆయన బొటనవేలు, చూపుడు వేలే. దారం కనబడనే లేదు. "కనపడలా జేజినాయనా, మళ్లీ చెయ్యి" అంది పాప. మళ్లీ చేశాడు. పేక దారాన్ని మోసుకుపోయే నాడె అంటే ఏమిటో, అది అటూ ఇటూ ఎట్లా ఉరుకుతుందో చూపించాడు. నాడెలో పెట్టే దారం కండెలు చుట్టేది మీ జేజే, ఆమె చుట్టకపోతే నా చెయ్యి ఆడదు అన్నాడు. వెనకనుంచి జేజి ఏదో అంది, ఇద్దరూ నవ్వారు. నలభై నిమిషాలు. పెళ్లయిన పదేళ్లలో మా మామయ్య అంతసేపు మాట్లాడటం నేను వినలేదు. మా ఆయన పక్కన నిలబడి విన్నాడు. తనకూ ఎప్పుడూ చెప్పలేదంట.

ఆ ప్రశ్న యంత్రం ఇచ్చిందే. దానికి నేను కృతజ్ఞురాలినే. జవాబు మాత్రం అందులో దొరికేది కాదు.

జేజి దగ్గర ఇంకో వరం ఉంది. ఆమెకు ఇంగ్లిష్ రాదు. చాట్‌బాట్‌కు పాప సగం తెలుగు, సగం ఇంగ్లిష్, మధ్యలో కన్నడం కలిపి విసిరినా అర్థమైపోతుంది. అర్థమైపోతే పిల్ల ఇంకో మాట వెతుక్కోవాల్సిన అవసరం లేదు. జేజికి అర్థం కాదు. "అంటే ఏంది?" అంటుంది. మొన్న కుందలహళ్లి మెట్రో స్టేషన్లో ఎక్కిన ఎస్కలేటర్ గురించి పాప చెబుతుంటే నేను బట్టలు మడతపెడుతూ విన్నాను.

"ఎస్కలేటర్ అంటే ఏంది పాపా?"

"మెట్లు జేజీ. కానీ... మనం ఎక్కము. అవే ఎక్కుతాయి."

"మెట్లు ఎట్ల ఎక్కుతాయే?"

"కింద నుంచి ఒక్కోటి ఒక్కోటి బయటికొస్తాయి. నువ్వు కాలు పెట్టి ఊరికే నిలబడాల. అది నిన్ను పైకి తీసుకుపోతాది. పైన మెట్లు నేల్లోకి దూరిపోతాయి."

"నేల్లోకా! మరి నా చీర కొంగు?"

"కొంగు పైకి పట్టుకోవాల జేజీ. నేను పట్టుకుంటా. నువ్వు రా, మనం పోదాం."

కెనడాలో మెరిల్ స్వేన్ అనే భాషా పరిశోధకురాలు, ఏళ్ల తరబడి ఫ్రెంచ్‌లోనే పాఠాలు వింటున్న పిల్లలకు మాట్లాడటం మాత్రం ఎందుకు అంతగా రావడం లేదని చూసి, 1985లో ఒక మాట రాశారు. వినడం ఒక్కటే చాలదు, ఎదుటివాళ్లకు అర్థమయ్యేలా చెప్పి తీరాల్సిన పరిస్థితి పిల్లలకు రావాలని. మా ఇంట్లో ఆ పరిస్థితి కల్పించేది జేజి. మెట్లు నేల్లోకి దూరిపోతాయన్న వాక్యం పాపకు ఎవరూ నేర్పలేదు. జేజికి చెప్పాలి కాబట్టి పుట్టింది.

అన్నీ చక్కబడ్డాయని చెప్పను. నెలాఖరు వారంలో నాకు కథ చదివే ఓపిక ఉండదు. ఆ రోజుల్లో మా ఆయన చదువుతాడు, ఆయనా షిఫ్టులో ఉంటే ఆ రాత్రి కథ లేదు. మూడేళ్ల చిన్నోడు అక్క పాత అలవాటు గుర్తుపెట్టుకుని ఫోన్ పట్టుకుని "హలో, స్టోరీ" అంటున్నాడు. వాడికి ఇవ్వడం లేదు, ఏడుస్తున్నాడు. ఆ సమయానికి ధర్మవరానికి ఫోన్ కలుపుతున్నాను. జేజి బువ్వ తినిపిస్తున్నట్టు ఫోన్‌లోనే ముద్దలు చూపిస్తుంది, వాడు నోరు తెరుస్తాడు.

ఇప్పుడు పాప దగ్గర ఒక రూళ్ల నోట్సు ఉంది, జేజినాయన ప్రశ్నల నోట్సు. మొదటి మూడు పేజీలు నేను చాట్‌బాట్‌ను అడిగి రాయించినవి. నాలుగో పేజీలో నిన్న ఒకటి కనబడింది. అక్షరాలు కొన్ని తెలుగు, కొన్ని కన్నడం, తలకట్టు ఒక్కోచోట ఒక్కోలా ఉంది. ఎవరిచ్చారని అడిగితే నేనే రాశానంది. "జేజినాయనా నీ ఫస్ట్ చీర ఎవరికి నేసినావు?" అని ఉంది.

నిన్న రాత్రే ఫోన్ చేసి అడిగింది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "అది ఫోన్‌లో చెప్పేది కాదు పాపా. దసరాకు రా, చెప్తా" అన్నాడు.

పొద్దున్నే టికెట్లు చేశాం.